బెంగళూరులో పాత సామాను వేలం వెయ్యాలంటే "వేలం లైసెన్సు" అని విడిగా ఒకటుందా?

పాతసామాను_కమ్మనహళ్ళి

అందరికీ నమస్కారం. మాది హిందూపురం పక్కన పల్లె, బెంగళూరుకొచ్చి పదమూడేళ్ళయింది. కమ్మనహళ్ళిలో చిన్న పాత ఫర్నిచర్ షాపు నాది, ముందు షెడ్డు, వెనకాల గోడౌను. ఇన్నాళ్ళూ ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తుంటే సామాను గంపగుత్తగా కొని, రిపేరు చేయించి, పాలిష్ పట్టించి అమ్ముకునేవాణ్ణి. లాభమైనా నష్టమైనా నాదే కాబట్టి ఎవరికీ లెక్క చెప్పే పని ఉండేది కాదు.

ఇప్పుడు కథ మారింది. కుక్ టౌన్‌లో ఒక పెద్దావిడ ఇల్లు అమ్మేసి అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. సామాను చూద్దామని వెళ్తే నాకు నోట మాట రాలేదు. రోజ్‌వుడ్ బీరువాలు, బర్మా టేకు పందిరి మంచం, చేత్తో తిప్పే గ్రామఫోను, మూడు గోడ గడియారాలు, ఇత్తడి గంగాళాలు, పాత తంజావూరు పటం ఒకటి, పెరట్లో రుబ్బురోలు. మొత్తం కొనాలంటే నా దగ్గర అంత డబ్బు లేదు. ఆవిడే అన్నారు, "వేలం పెట్టి అమ్మిపెట్టు నాయనా, నీ కమిషన్ నువ్వు తీసుకో, మిగతాది నాకియ్యి" అని.

సరే అన్నాను గానీ ఆ రోజు నుంచీ టెన్షన్. మా ఏరియాలో లైసెన్సుల పని చేసే బ్రోకరు ఒకాయన ఉన్నాడు, "వేలం లైసెన్సు లేకుండా సుత్తి కొడితే లోపలేస్తారు సామీ, నలభై ఐదు వేలియ్యి, నెలలో తెప్పిస్తా" అంటున్నాడు. రసీదు ఏ ఆఫీసు పేరు మీద వస్తుందయ్యా అంటే చెప్పడు. పక్క షాపాయన పోలీసు పర్మిషన్ ఒక్కటుంటే చాలంటాడు. మా బావమరిది "మనూళ్ళో గుడి దగ్గర కొబ్బరికాయల పాట పెట్టినప్పుడు ఎవడడిగాడు లైసెన్సు" అంటాడు. ఎవరి మాట నమ్మాలో తెలీడం లేదు. ఆదివారం పూట ఒక హాలు అద్దెకు తీసుకుని పెడదామని నా ఆలోచన. ఏమేం కాగితాలు కావాలి, ఎక్కడ ఇరుక్కుంటాను, కాస్త తెలిసినవాళ్ళు చెప్పండి. ముందే చెప్తున్నా, నేను పదో తరగతి, సెక్షన్ల నంబర్లు కురిపిస్తే నాకు ఎక్కదు.

గల్లాపెట్టె

ఇందులో టెన్షన్ ఏముంది అన్నా, బాలాపూర్ లడ్డూ పాట చూడు. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2025లో 35 లక్షలకు పోయింది. వాళ్ళేం లైసెన్సు పెట్టుకుని పాడించారంటావా.

(జోకు పక్కన పెడితే, ఆ బ్రోకరుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకు.)

లెక్కలపద్దు

నేను మల్లేశ్వరంలో జీఎస్టీ, అకౌంట్ల పని చేస్తాను. లడ్డూ పాట వేరు, వ్యాపారం వేరు, ముందు ఆ రెంటినీ కలపకండి. అక్కడ గణేశ్ ఉత్సవ కమిటీ తన లడ్డూ తాను అమ్ముకుంటోంది. మీరు ఇంకొకరి సొత్తు కమిషన్ మీద అమ్ముతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు: మన దేశంలో మామూలు ఇంటి సామాను వేలం వేసేవాడికి పరీక్ష రాయించి ఇచ్చే "వేలందారు లైసెన్సు" అనేది లేదు. మీ బ్రోకరు బహుశా ట్రేడ్ లైసెన్సునే పేరు మార్చి అమ్ముతున్నాడు. అది కార్పొరేషన్ ఆరోగ్య శాఖ వాళ్ళు ఇచ్చేది, షాపు నడుపుతున్నారు కాబట్టి మీ దగ్గర ఇప్పటికే ఉండాలి. లేకపోతే ముందు ఆ పని చూడండి. ఉంటే అందులో మీ వ్యాపారం ఏమని రాశారో, మార్చి 31తో గడువు అయిపోయిందేమో చూసుకోండి. చాలామంది రెన్యూవల్ మర్చిపోయి, గోడకు వేలాడుతున్న ఫ్రేము చూసుకుని ధైర్యంగా ఉంటారు. ఇంకొకటి, 2025 సెప్టెంబరు 2 నుంచి ఊరంతటికీ ఒకటే ఉన్న పాత కార్పొరేషన్ బీబీఎంపీ లేదు, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మీ వార్డు ఏ కార్పొరేషన్‌లో పడిందో చూసుకుని ఆ ఆఫీసుకే వెళ్ళండి. పాత బోర్డు చూసి పాత ఆఫీసులో నిలబడితే సగం రోజు పోతుంది, నాకు పోయింది.

ఇక జీఎస్టీ. ఇది ఓపిగ్గా చదవండి, మీకు డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే. జీఎస్టీ చట్టంలో "ఏజెంటు" అంటే ఎవరో చెప్పేచోట వేలందారు అనే మాట పేరు పెట్టి మరీ ఉంది. కానీ వేలం వేసిన ప్రతివాడూ ఒకే రకం ఏజెంటు కాదు. 2018 సెప్టెంబరులో 57వ నంబరు సర్క్యులర్ ఒకటి వచ్చింది, అందులో ఉదాహరణలు బాగుంటాయి. ఒక బ్యాంకు వేలందారును పెట్టుకుని సరుకు అమ్మించింది, కానీ పాట గెలిచినవాడికి బిల్లు బ్యాంకే ఇచ్చింది. అప్పుడు వేలందారు చేసింది సేవ మాత్రమే, సరుకు అమ్మకం అతని లెక్కలోకి రాదు. ఇంకో ఉదాహరణలో ఒక చిత్రకారుడి బొమ్మను వేలందారు అమ్మి, బిల్లు తన సొంత పేరు మీద ఇచ్చాడు. అప్పుడా బొమ్మ విలువ మొత్తం వేలందారు నెత్తి మీదికే వస్తుంది.

అంటే సుత్తి ఎవరు కొట్టారన్నది కాదు, బిల్లు మీద ఎవరి పేరుందన్నదే లెక్క. మీ కేసులో ఆవిడ వ్యాపారి కాదు, సొంతింట్లో వాడిన సామాను అమ్ముకుంటున్నారు. ఆవిడ పేరు మీద అమ్మకపు రసీదు, ఆవిడ సంతకం, మీకు ఆవిడిచ్చే కమిషన్‌కు విడిగా మీ బిల్లు. కమిషన్ మీద 18 శాతం, అదీ మీకు రిజిస్ట్రేషన్ ఉంటేనే. సేవలకైతే ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. కానీ రేపు ఏ కంపెనీయో ఆఫీసు ఖాళీ చేస్తూ "మా కుర్చీలన్నీ నీ పేరు మీదే బిల్లు వేసి అమ్మిపెట్టు" అంటే మాత్రం ఆగండి. జీఎస్టీ ఉన్నవాళ్ళ సరుకును వాళ్ళ తరఫున మీ బిల్లు మీద అమ్మితే ఆ 20 లక్షల మినహాయింపు ఉండదు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి.

నగదు సంగతి కూడా చెప్తాను. ఒకే మనిషి దగ్గర ఒక రోజులోగానీ ఒకే లావాదేవీకిగానీ 2 లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే పుచ్చుకున్న మొత్తమంతా జరిమానా కింద పోవచ్చు. వేలంలో ఒకడే నాలుగైదు వస్తువులు పాడుకుని చివర్లో నోట్ల కట్ట తీస్తాడు, అప్పుడు గుర్తుంచుకోండి.

డాలస్_నుంచి_నేను

ఇక్కడ టెక్సాస్‌లో నిజంగానే వేలందారు లైసెన్సు ఉంది, టీడీఎల్ఆర్ అని రాష్ట్ర శాఖ ఇస్తుంది. కాలిఫోర్నియాలో పరీక్ష లేదుగానీ 20,000 డాలర్ల బాండు కట్టాలి. మీ బ్రోకరు ఇక్కడి వీడియోలు చూసి ఉంటాడు.

హెచ్చుపాట

తమ్ముడూ, నాది నెల్లూరు. బెంగళూరు కంటోన్మెంటులో ఒక వేలం కంపెనీలో ఇరవై రెండేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. లెక్కలపద్దు గారు చెప్పిందంతా నిజం, కానీ అది అమ్మేవాడి వైపు. నేను వస్తువు వైపు నుంచి చెప్తాను. నా అనుభవంలో ఇబ్బంది పెట్టేది వస్తువే, వేలం కాదు. లైసెన్సు నీకు కాదు, నువ్వు పాటకు పెట్టే వస్తువుకు కావాలి.

ఒక సంగతి చెప్తా విను. ఫ్రేజర్ టౌన్‌లో ఒక బంగళా సామాను మాకు వచ్చింది. హాల్లో గుమ్మం పైన దుప్పి కొమ్ములు ఒక జత, చెక్క పలక మీద బిగించి ఉన్నాయి. ఇంటాయన వాళ్ళ తాతగారి నాటివని చెప్పాడు. మా మేనేజరు లిస్టులో "గోడ అలంకరణ వస్తువు" అని రాసేశాడు. నేనే స్టూలెక్కి దించాను, దించిన చోట గోడ మీద ఆ ఆకారమే తెల్లగా మిగిలింది, చుట్టూ ఉన్న సున్నమంతా పొగచూరి ఉంది. కొమ్ముకు ట్వైను దారంతో 47 అని నంబరు చీటీ కట్టాను. ఆదివారం పాట మొదలైంది, ముప్పై దాటిందో లేదో ఖాకీ బట్టల్లో ముగ్గురు వచ్చి నిలబడ్డారు, అటవీ శాఖ వాళ్ళు. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు, పాటకొచ్చినవాళ్ళలోనే ఎవడో ఫోన్ చేసి ఉంటాడు. పాట ఆగిపోయింది. కొమ్ములు పట్టుకెళ్ళారు, ఇంటాయన స్టేట్‌మెంటు, మేనేజరు స్టేట్‌మెంటు, చీటీ కట్టింది ఎవరంటే నా స్టేట్‌మెంటు. ఆ నంబరు చీటీ కూడా సాక్ష్యం కింద పోయింది. మిగతా సామాను పాడుకుందామని వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు.

1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం కొమ్ములు, చర్మాలు, గోళ్ళు, దంతం ఇవేవీ అమ్మడానికి లేదు. సర్టిఫికెట్ ఉంటే ఇంట్లో ఉంచుకోవచ్చు, అంతే. మైసూరు రోజ్‌వుడ్ పెట్టెల మీద, బల్లల మీద తెల్లటి పొదుగుడు పని ఉంటుంది చూశావా, పాతవాటిలో అది దంతమే అయ్యుండొచ్చు, కొత్తవాటిలో ప్లాస్టిక్. తేడా తెలియకపోతే పాటలో పెట్టొద్దు.

తర్వాత తంజావూరు పటం. నూరేళ్ళు దాటిన బొమ్మ, శిల్పం, నాణెం, చేతిపని వస్తువు ఏదైనా పురావస్తువు కిందికి రావచ్చు. చారిత్రక, సాహిత్య విలువున్న రాతప్రతికైతే 75 ఏళ్ళే. 1972లోనే ఇంకో చట్టం వచ్చింది, పురావస్తువులు, కళానిధుల చట్టం, 1976 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పురావస్తువులు అమ్మే వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి, ఇచ్చేది భారత పురావస్తు సర్వే వాళ్ళ అధికారి. చూశావా, నువ్వు వెతుకుతున్న అసలు లైసెన్సు ఇది, నీ బ్రోకరు దీని మాటే ఎత్తలేదు. పటాలూ శిల్పాలూ లాంటి వాటికి విడిగా రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. దేశం దాటించడం ప్రైవేటు మనుషులకు అసలు కుదరదు, ఆ పెద్దావిడ "పటం నేను అమెరికా తీసుకుపోతాలే" అంటే అది కూడా కుదరదని చెప్పు. నా మాట విని పటాన్ని ముందు తెలిసినవాళ్ళకు చూపించి వయసు తేల్చుకో, అప్పటిదాకా లిస్టులో రాయొద్దు. నూరేళ్ళ పటమని పాటలో గట్టిగా అరిచి ధర పెంచడం, అధికారి వస్తే మొన్ననే కొన్నామనడం, రెండూ ఒకే నోటితో చెల్లవు.

బీరువా అడుగు అరలో పాత తుపాకీ దొరికిందా, ముట్టుకోకు. అది లైసెన్సున్న మనిషి వారసులు పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న తుపాకుల డీలరు దగ్గరో అప్పగించాల్సింది. సీసాల్లో పాత విస్కీ ఉన్నా అంతే, ఎక్సైజు లైసెన్సు లేకుండా నువ్వు అమ్మకూడదు. పాత ఇళ్ళలో ఈ రెండూ తరచుగా బయటపడతాయి, నవ్వకు.

పాతసామాను_కమ్మనహళ్ళి

అన్నా, నాకు చెమటలు పట్టాయి. ఆవిడింట్లో కూడా మేడమెట్ల దగ్గర కొమ్ములున్నాయి! నేను పాలిష్ చేయిస్తే మంచి ధర వస్తుందనుకున్నా. సాయంత్రమే ఫోన్ చేసి చెప్తా.

ఇంకో రెండు సంగతులు అడగాలి. పాట పెట్టినప్పుడు మా మనుషులు ఇద్దరు ముగ్గురిని జనంలో కూర్చోబెట్టి పాట పెంచమని చెప్పడం మా ఊళ్ళో మామూలే, ఇక్కడ అది తప్పా? రెండోది, మా షాపుకొచ్చే కుదువ వ్యాపారి ఒకాయన నేను వేలం మొదలు పెడుతున్నానని విని, విడిపించుకోని నగలు కూడా నువ్వే పాట పెట్టు అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

హెచ్చుపాట

మొదటిది తప్పే. ఊళ్ళో మామూలైనంత మాత్రాన చట్టం మారదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో వేలానికని ఒక సెక్షన్ ఉంది, 64. నంబర్లు వద్దన్నావు గానీ ఈ ఒక్కటి గుర్తుపెట్టుకో, వేలందారుకు ఇది భగవద్గీత. అమ్మేవాడు తను కూడా పాడతానని ముందే స్పష్టంగా చెప్పి ఉంటే తను పాడొచ్చు, లేదా తన తరఫున ఒక్క మనిషిని పెట్టుకోవచ్చు. ఒక్కణ్ణే, ముగ్గుర్ని కాదు. చెప్పకుండా పాడించినా, తెలిసీ నువ్వు ఆ పాట తీసుకున్నా, కొన్నవాడు దాన్ని మోసం కింద లెక్కగట్టొచ్చు. ధర పెంచడానికి దొంగపాట పాడించావని తేలితే కొన్నవాడు వస్తువు వెనక్కిచ్చేసి డబ్బు అడగొచ్చు. దొంగపాట ఎలా దొరికిపోతుందనుకున్నావు? నీ మనిషి ఎప్పుడూ గెలవడు, వస్తువు పట్టుకెళ్ళడు, వారం వారం వస్తాడు. రెండో ఆదివారానికే పాటదారులు వాణ్ణి చూసి నవ్వుతారు.

తక్కువకు పోతుందని భయముంటే దానికి సరైన దారి ఉంది, సర్కారు పాట లాగా కనీస ధర పెట్టుకో. "ఈ ధర దాటకపోతే అమ్మం" అని ముందే బోర్డు మీద రాయి.

ఇంకో మాట, చాలామందికి తెలీదు. సుత్తి పడేదాకా పాటదారు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. "ఒకటోసారి, రెండోసారి" అన్నాక కూడా. మూడోసారి అని సుత్తి పడితేనే అమ్మకం పూర్తయినట్టు. కాబట్టి రెండోసారికీ మూడోసారికీ మధ్య మరీ నాటకం ఆడకు, మనిషికి ఆలోచించుకునే టైమిస్తే వెనక్కి తగ్గుతాడు. ఒక్కో నంబరు ఒక్కో విడి ఒప్పందం కిందే లెక్క, ఒకడు బీరువా వద్దన్నాడని వాడు కొన్న గడియారం కూడా ఆపేస్తానంటే కుదరదు.

వచ్చినవాళ్ళ దగ్గర ముందే కొంత ధరావతు కట్టించుకుని నంబరు అట్ట ఇవ్వు. పాడుకుని పారిపోయేవాళ్ళు దీంతోనే తగ్గిపోతారు. ఎన్ని రోజుల్లో డబ్బు కట్టాలి, సామాను ఎప్పటిలోగా తీసుకెళ్ళాలి, కట్టకపోతే ధరావతు ఏమవుతుంది, ఇవన్నీ ఒక కాగితం మీద కన్నడలో, ఇంగ్లీషులో అచ్చేయించి, సంతకం పెట్టించుకుని అప్పుడు లోపలికి రానియ్యి.

లెక్కలపద్దు

నగల మాట నేను చెప్తాను. వద్దు. ఇప్పుడే వద్దు.

కుదువ వ్యాపారానికి 1961 నాటి కర్ణాటక పాన్ బ్రోకర్ల చట్టం ఉంది. తాకట్టు పెట్టినవాడు విడిపించుకోకపోతే ఎప్పుడు, ఎలా అమ్మాలో ఆ చట్టం కిందే జరగాలి, మీ ఇద్దరి ఇష్టం కాదు. ముందు ఆయనకు లైసెన్సు ఉందో లేదో చూపించమనండి, చూపించమన్నాక మళ్ళీ మీ షాపుకు వస్తాడో లేదో చూద్దాం. బ్యాంకులూ బంగారం లోన్ల కంపెనీలూ అయితే ఆర్‌బీఐ నిబంధనలు. 2025 జూన్‌లో కొత్తవి వచ్చాయి, వాటి అమలుకు 2026 ఏప్రిల్ 1 గడువు. కనీస ధర ఆ రోజు విలువలో 90 శాతానికి తగ్గకూడదు, రెండుసార్లు పాట విఫలమైతేనే 85కి దింపొచ్చు. స్థానిక భాషలో ఒకటి, జాతీయ స్థాయిలో ఒకటి, కనీసం రెండు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. అదంతా పాత బీరువాలు అమ్మినట్టు హాల్లో కూర్చుని చేసే పని కాదు. ఒక ఆడమనిషి తాళిబొట్టు పాటలో పోయిందని వచ్చి మీ షాపు ముందు కూర్చుంటే మీ కమిషన్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

యశవంతపుర_ఉల్లి

మార్కెట్ యార్డు వైపు నుంచి ఒక మాట. పంట సరుకు ఏదీ పాట పెట్టకండి, దానికి ఏపీఎంసీ (వ్యవసాయ మార్కెట్ కమిటీ) లైసెన్సు వేరే ఉంటుంది. మా మడకశిర రైతులు పట్టుగూళ్ళు రామనగర మార్కెట్‌కు పట్టుకొస్తారు, అక్కడ కొనే రీలర్లకు, అంటే గూళ్ళ నుంచి పట్టుదారం తీసేవాళ్ళకు కూడా లైసెన్సు ఉండాలి. మీకు సంబంధం లేదనుకోండి, కానీ "వేలం అన్నాక అన్నీ ఒకటే" అనే మాట ఇక్కడ ఎవరో అనకముందే చెప్తున్నా.

మైకు పెట్టి పాడిస్తారా? లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల కింద. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట ఎలాగూ కుదరదు. మీ పక్క షాపాయన చెప్పిన పోలీసు పర్మిషన్ బహుశా ఇదే, మూసి ఉన్న చిన్న హాల్లో గొంతుతో పాడిస్తే ఆ తలనొప్పి తగ్గుతుంది. బోర్డు రాయిస్తే 60 శాతం కన్నడ ఉండాలి, 2024లో వచ్చింది ఈ రూలు. అనుమతి లేకుండా రోడ్డు మీద ఫ్లెక్సీ కడితే పీకేసి జరిమానా కూడా వేస్తారు. మనవాళ్ళు ఫ్లెక్సీ లేకుండా ఏ పనీ మొదలు పెట్టరు కదా, అందుకే చెప్పడం.

అక్క_రిచర్డ్స్‌టౌన్

ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతాను. ఆ సామాను ఆవిడదేనా?

మా మామగారి ఇల్లు ఖాళీ చేసినప్పుడు మేమూ ఇలాగే ఒక మనిషికి సామాను అప్పజెప్పాం. పాట సగంలో మా మరిది చెన్నై నుంచి కారేసుకుని దిగాడు, "నాన్న సొత్తులో నాకూ వాటా ఉంది, ఎవర్నడిగి అమ్ముతున్నారు" అని. అందరి ముందూ అరుపులు. అప్పటికే పాడుకుని ఆటోలో ఎక్కించిన డ్రెస్సింగ్ టేబులు మళ్ళీ దించారు, అద్దం మూల పగిలింది. ఆ అమ్మిపెట్టే అబ్బాయి ఎవరికి ఎంత తిరిగివ్వాలో తెలీక మెట్ల మీద కూర్చుని లెక్కలు రాసుకున్నాడు పాపం. తప్పు మాదే, మేం చెప్పలేదు. కానీ అతనూ అడగలేదు.

కాబట్టి తమ్ముడూ, ఆవిడ భర్త పోయి ఉంటే పిల్లలందరి ఒప్పుకోలు కాగితం తీసుకో. అమెరికాలో ఉన్న కూతురి దగ్గర మెయిల్ అయినా తెప్పించు. ప్రతి వస్తువుకూ ఫోటో తీసి, నంబరు వేసి, లిస్టు మీద ఆవిడ చేత ప్రతి పేజీలో సంతకం పెట్టించుకో. "ఇవన్నీ నావే, ఎవరికీ తాకట్టు లేవు" అని అందులోనే రాయించు. నీ కమిషన్ ఎంత, అమ్ముడుపోనివి ఎవరు పట్టుకెళ్ళాలి, లారీ ఖర్చు ఎవరిది, అదీ అందులోనే. అమ్ముడుపోని సామాను గురించి ఎవరూ ముందు మాట్లాడుకోరు, చివరికి గొడవంతా దాని దగ్గరే.

పాతసామాను_కమ్మనహళ్ళి

మూడు వారాల తర్వాత రాస్తున్నా, చెప్పకుండా మాయమైపోయానని అనుకోకండి.

బ్రోకరుకు డబ్బివ్వలేదు. ట్రేడ్ లైసెన్సు తీసి చూస్తే లెక్కలపద్దు గారు అన్నట్టే పోయిన మార్చితో అయిపోయింది! అదే ఫ్రేము, అదే గోడ, రోజూ అగరుబత్తి కూడా వెలిగిస్తున్నా దాని పక్కన. దాన్ని కట్టేసి, వ్యాపార వివరంలో పాత సామాను కమిషన్ అమ్మకాలు అని చేర్పించా. కొత్త కార్పొరేషన్ ఆఫీసుకు మూడుసార్లు తిరిగా, మూడోసారి పని అయింది.

ఆవిడకు ఇద్దరు పిల్లలు, కొడుకు పుణేలో ఉంటాడట, నాకు ఆ మాటే చెప్పలేదు. అక్క అడగకపోతే నేనూ అడిగేవాణ్ణి కాదు. ఆయన ఫోన్లో ఐదు నిమిషాలు కోప్పడి, తర్వాత గ్రామఫోను తనకు కావాలన్నాడు, దాన్ని లిస్టులోంచి తీసేసి మిగతాదానికి మెయిల్లో ఒప్పుకోలు తెప్పించుకున్నా. కొమ్ములు దించలేదు, ఆవిడే అటవీ శాఖకు ఉత్తరం రాసుకున్నారు. పటం ఇంకా ఆవిడ దగ్గరే ఉంది, చూపించే పని నడుస్తోంది. రోజ్‌వుడ్ పెట్టె ఒకటి తెల్లటి పొదుగుడు పనిది, హెచ్చుపాట అన్న చెప్పాక దాన్ని ముట్టుకోవడానికి కూడా భయమేసి పక్కన పెట్టేశా. కుదువ వ్యాపారిని లైసెన్సు చూపించమన్నా, మళ్ళీ మా షాపు వైపు రాలేదు.

పోయిన ఆదివారం పాట జరిగింది. హాలు అద్దె, టీ, ఇద్దరు కూలీలు, మైకు లేదు. 58 నంబర్లు పెట్టాం. సగంమంది తమిళం, సగంమంది కన్నడ, మనవాళ్ళు ఒక ఎనిమిది మంది. ఒందు సల, ఎరడు సల అని మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి జారిపోయేవాణ్ణి, జనం నవ్వేవాళ్ళు. పందిరి మంచం దగ్గర ఒకాయన రెండోసారి అన్నాక చెయ్యి దించేశాడు, మా బావమరిది "అదెట్లా కుదురుతుంది, పాడినాక పాడినట్టే" అని మీదికి పోబోయాడు. నేనే ఆపి, సుత్తి పడలేదు బావా అన్నా. కింది పాటాయనను అడిగితే తీసుకున్నాడు, నాలుగు వేలు తగ్గింది, గొడవ లేదు. 51 నంబర్లు అమ్ముడుపోయాయి. బిల్లులన్నీ ఆవిడ పేరు మీదే, ఆవిడ ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కోదాని మీద సంతకం పెట్టారు. ఇత్తడి గంగాళం పోయినప్పుడు మాత్రం కాసేపు పెన్ను పట్టుకుని ఊరుకున్నారు.

మిగిలినవాటిలో రుబ్బురోలు ఒకటి. వందకు కూడా ఎవడూ పాడలేదు, మోసేది ఎవరని. అమ్ముడుపోనివి నేనే తీసుకెళ్ళాలని కాగితంలో రాసుకున్నాం కదా, నలుగురం కలిసి ఆటోలోకి ఎక్కించాం. ఇప్పుడు షాపు ముందు ఉంది, మా ఆవిడ మొన్న దాంట్లో పల్లీల చట్నీ రుబ్బింది. ఎవరికైనా కావాలంటే చెప్పండి, లారీ ఖర్చు మాత్రం మీదే.